మేడి

మేడి మర్రి, రావి, జువ్వి కోవకు చెందిన అడవి చెట్టు. అత్తి అని కూడా అంటారు. శాస్త్రనామం ఫైకస్ రెసిమోసా, 1753లో లిన్నేయస్ పెట్టినది. సామర్లకోటలో ఏళ్ల తరబడి పనిచేసిన వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్ దీన్నే ఫైకస్ గ్లోమెరాటాగా వర్ణించాడు. భారతదేశం, శ్రీలంక మొదలు ఆగ్నేయాసియా మీదుగా ఉత్తర ఆస్ట్రేలియా దాకా సహజంగా పెరుగుతుంది.

దీనికి తడి కావాలి. 2022 దాకా కృష్ణా జిల్లాలోనూ, ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లాలోనూ ఉన్న నందిగామ, జగ్గయ్యపేట పత్తి, మిర్చి పండే మెట్ట సీమ. కాబట్టి ఇక్కడ మేడికి అనువైన తావులు మునేరు, వైరా, పాలేరు ఒడ్లు, వాగుగట్లు, చెరువు కట్టలు. మర్రికి మల్లే ఊడలు దిగవు. గాటు పెడితే తెల్లని పాలు కారతాయి. కాయలు మాను మీద, లావు కొమ్మల మీద గుత్తులు గుత్తులుగా కాసి, పండాక ఎర్రబారతాయి.

మనం పండు అనేది నిజానికి లోపలికి ముడుచుకున్న పూలగుత్తి. పువ్వులన్నీ ఆ గుల్లలోనే ఉంటాయి. కొసన ఉన్న సన్నని రంధ్రంలోంచి ఆడ కందిరీగ దూరుతుంది. చీమకన్నా చిన్నది. దూరేటప్పుడు రెక్కలు తెగిపోతాయి. తెచ్చిన పుప్పొడి పూలకు అంటించి, కొన్ని పూలలో గుడ్లు పెట్టి అక్కడే చనిపోతుంది. ఆ గుడ్లలోంచి ముందు రెక్కల్లేని మగవి వస్తాయి. ఆడవాటితో జతకట్టి, బయటికి దారి తొలిచి, వెలుగు ఎక్కువగా చూడకుండానే చస్తాయి. ఆడవి పుప్పొడి మోసుకుంటూ మరో మేడిని వెతుక్కుంటూ పోతాయి. వేమన పద్యం పుణ్యమా అని మేడిపండు పైమెరుగుకు మారుపేరైంది గానీ, పండులోని ఆ పురుగును కుళ్లు కింద జమకట్టడం చెట్టుకు అన్యాయం. అది లేకపోతే విత్తనమే లేదు.

బయటపడ్డ కందిరీగ బతికేది ఒకటి రెండు రోజులే. ఆలోగా సరైన అదనులో ఉన్న కాయ దానికి దొరకాలి. అందుకే చుట్టుపక్కల మేడిచెట్లు ఒకదాని తర్వాత ఒకటి, ఏడాదిలో పలుమార్లు కాస్తాయి. గట్టున ఉన్న నాలుగు చెట్లలో మూడు కొట్టేస్తే నాలుగోదాని కాపు కూడా దెబ్బతినవచ్చు. కోకిలలు, గోరింకలు, ఉడుతలు, గబ్బిలాలు ఈ పండ్ల మీద ఆధారపడతాయి, విత్తనాలను దూరాలకు చేరవేస్తాయి.

హిరణ్యకశిపుణ్ణి చీల్చినప్పుడు గోళ్లకు పుట్టిన మంటను నరసింహస్వామి మేడిపండులో చల్లార్చుకున్నాడని దత్త సంప్రదాయ గ్రంథమైన గురుచరిత్ర కథ. జగ్గయ్యపేట దగ్గరి వేదాద్రి నరసింహ క్షేత్రమే కనుక ఈ ప్రాంతంలో ఆ కథ చెప్పుకోదగ్గది. దత్తాత్రేయుడి నివాసం ఈ చెట్టు కిందేనని నమ్మకం. నవగ్రహ హోమంలో శుక్రుడికి మేడి సమిధలే వేస్తారు. ఆయుర్వేదంలో దీని బెరడు పంచవల్కలాలనే ఐదు బెరడుల్లో ఒకటి. కలప మెత్తన, ఆరుబయట త్వరగా పాడవుతుంది. నీటి అడుగున మాత్రం మన్నుతుంది కాబట్టి పూర్వం బావుల అడుగు చట్రాలకు వాడేవారు.