సాలొమన్ గట్టున నికోడెమస్

అమెరికాలోని కాన్సస్ రాష్ట్రం పటం గళ్ల దుప్పటి పరిచినట్టు ఉంటుంది. ఆ గళ్లు 1785 నాటి భూచట్టం గీసినవి. ఆరు మైళ్ల పొడవు, ఆరు మైళ్ల వెడల్పు ఉన్న చతురస్రం ఒక టౌన్‌షిప్. దానిలో 36 సెక్షన్లు, ఒక్కోటి 640 ఎకరాలు. 1862లో వచ్చిన హోమ్‌స్టెడ్ చట్టం సెక్షన్‌లో పావు వంతు, అంటే 160 ఎకరాలు, ఒక్కో కుటుంబానికి ఇస్తానంది. ఐదేళ్లు అక్కడే కాపురముండి సాగుచేస్తే పట్టా వస్తుంది. ఆదివాసుల చేతుల్లోంచి లాక్కున్న నేలనే ఇలా పంచారన్నది కూడా ఈ చరిత్రలో భాగమే.

పన్నెండేళ్ల కిందటి దాకా తామే ఒకరి ఆస్తిగా బతికిన కెంటకీ నల్లజాతి కుటుంబాలకు ఆ పట్టా ఎంత పెద్ద మాటో ఊహించుకోవచ్చు. 1877 వసంతంలో డబ్ల్యు.ఆర్. హిల్ అనే తెల్ల భూవ్యాపారి, డబ్ల్యు.హెచ్. స్మిత్ అనే నల్లజాతి నాయకుడు మరికొందరితో కలిసి కాన్సస్‌లో నికోడెమస్ అనే ఊరు కట్టడానికి నికోడెమస్ టౌన్ కంపెనీ పెట్టారు. నేల సారవంతం, నీటికి లోటు లేదు, రండి అని కరపత్రాలు పంచారు. ఆ సెప్టెంబరులో సుమారు మూడు వందల మంది బయల్దేరారు. రైలు ఎల్లిస్ దాకానే. అక్కణ్నుంచి బీడు మైదానంలో ప్రయాణం.

మరుసటి వసంతంలో వచ్చిన విలియానా హిక్మన్ అనే ఆమె జ్ఞాపకం ఈ ఊరి చరిత్రలో అందరూ చెప్పుకునేదే. ఊరు వచ్చేసిందని తోటివాళ్లు కేకలేస్తే ఆమెకు ఎంత చూసినా ఏమీ కనిపించలేదు. ఊరెక్కడని భర్తను అడిగితే, నేలలోంచి లేస్తున్న పొగ చూపించాడు. జనం గోతులు తవ్వుకుని వాటిలో కాపురముంటున్నారు. ఆమె ఏడ్చేసింది.

ఇళ్లు కట్టుకుందామంటే చెట్లు లేవు. ఉన్న కాసిని చెట్లూ సాలొమన్ నది దక్షిణ పాయ వెంబడే. పొయ్యిలోకి ఎండిన అడవిదున్న పేడ, పొద్దుతిరుగుడు కాడలు. అరకలు, ఎడ్లు దాదాపు లేవు. కొన్ని కుటుంబాలు వెంటనే వెనక్కి వెళ్లిపోయాయి. మొదటి చలికాలంలో వేట నుంచి తిరిగివస్తున్న ఓసేజ్ ఆదివాసులు తమ తిండి పంచి ఆదుకున్నారని ఊరివాళ్లు తరతరాలుగా చెప్పుకుంటున్నారు. కరపత్రం రాసినవాళ్ల మాట కంటే ఆ పంచిన తిండే ఊరిని నిలబెట్టిందని నాకనిపిస్తుంది. అయినా పక్కనున్న కౌంటీ కేంద్రానికి మాత్రం హిల్ పేరే పడింది: హిల్ సిటీ.

నిలబడ్డాక ఊరు త్వరగానే ఎదిగింది. బడి, చర్చిలు, హోటల్, కొట్లు, రెండు వార్తాపత్రికలు వచ్చాయి. ఇక్కడి ఇ.పి. మెక్‌కేబ్ 1882లో రాష్ట్ర ఆడిటర్‌గా గెలిచాడు. కాన్సస్ అంతటా ఓట్లు పడే పదవిని ఒక నల్లజాతి మనిషి గెలవడం అదే మొదలు.

ఇక రైలొస్తే చాలనుకున్నారు. మిస్సోరి పసిఫిక్ కంపెనీ కోసం 1887లో టౌన్‌షిప్ ఓటర్లు 16,000 డాలర్ల బాండ్లకు ఒప్పుకున్నారు. ఆ రైలు రాలేదు. 1888లో యూనియన్ పసిఫిక్ వేసిన పట్టాలు నదికి అవతల, దక్షిణంగా పోయాయి. కొద్ది మైళ్ల దూరంలో బోగ్ అనే స్టేషన్ వెలిసింది, నికోడెమస్ వ్యాపారులు ఒక్కొక్కరే అక్కడికి తరలిపోయారు. ఎండల్ని, మిడతల్ని తట్టుకున్న ఊరు ఆ పట్టాల గీత ముందు తలవంచాల్సి వచ్చింది. 1930లలో కరువు, దుమ్ముతుపానులు మిగిలినవాళ్లలోనూ చాలామందిని వెళ్లగొట్టాయి. 1953లో పోస్టాఫీసు మూతపడింది.

2020 జనగణనలో అక్కడ లెక్కకొచ్చింది 14 మంది. అంతకుముందే, 1996లో, కేంద్ర ప్రభుత్వం ఊరిని జాతీయ చారిత్రక స్థలంగా ప్రకటించింది. అంతర్యుద్ధం తర్వాతి పునర్నిర్మాణ కాలంలో మిసిసిపీకి పడమట నల్లజాతివాళ్లు కట్టుకున్న ఊళ్లలో ఇప్పటికీ మిగిలింది ఇదొక్కటే. 1939లో సున్నపురాయితో కట్టిన టౌన్‌షిప్ హాలు, రెండు పాత చర్చిలు, బడి, ఒకప్పటి హోటల్: చూపించడానికి ఉన్నవి ఈ ఐదే.

ఏటా జూలై చివర్లో మాత్రం వందలమంది దిగుతారు. బ్రిటిష్ వెస్టిండీస్‌లో బానిసత్వం పోయిన ఆగస్టు 1ని పురస్కరించుకుని మొదలైన పండుగ అది. ఇప్పుడు దాన్ని హోమ్‌కమింగ్ అంటారు. ఎక్కడెక్కడో స్థిరపడ్డ మనవలు, మునిమనవలు ఊరేగింపు తీస్తారు, కలిసి తింటారు, కొత్తగా పుట్టినవాళ్లను పెద్దవాళ్లకు చూపిస్తారు.