ఎముకను అతికే ఫెర్న్ - పుదుచ్చేరిలో ఒక చారిత్రక పరామర్శ

పుదుచ్చేరి సెయింట్ లూయీ వీధిలోని ఫ్రెంచి ఇన్‌స్టిట్యూట్‌లో ఒకే కప్పు క్రింద శైవ తాళపత్రాలూ, ఎండబెట్టిన మొక్కల నమూనాలూ భద్రంగా ఉన్నవి. 1955లో నెలకొన్న ఈ సంస్థకు తొలి అధిపతి జాఁ ఫిలియోజా. ఆయన నేత్రవైద్యుడు, సంస్కృత తమిళ పండితుడు. 1949లో భారతీయ వైద్య సిద్ధాంతంపై గ్రంథం వెలువరించిన విద్వాంసుడు. మొక్కనూ గ్రంథాన్నీ కలిపి చదవవలసిన అవసరం ఎంతటిదో ఒక ఫెర్న్ మొక్క కథ తెలుపుతుంది.

విరిగిన ఎముకకు తెలుగువారు నల్లేరును ఆశ్రయించారు. చైనా వైద్యులు చెట్లనూ బండలనూ అంటిపెట్టుకొని పెరిగే డ్రైనేరియా అనే ఫెర్న్ దుంపను నమ్ముకొన్నారు. దాని చైనా పేరు 'గుసుయిబు'; విరిగిన ఎముకను బాగుచేసేది అని భావం. తాంగ్ చక్రవర్తి షువాన్‌జాంగ్ ఈ పేరు పెట్టినాడని 739లో చెన్ త్సాంగ్‌చీ కూర్చిన ఓషధి గ్రంథం చెప్పినట్లు ప్రతీతి.

ఆ ప్రజాతికే చెందిన మరొక మొక్క, డ్రైనేరియా క్వెర్సిఫోలియా, దక్షిణ భారతంలో పెరుగుతుంది. దాని నూగుదుంప మేకకాలును తలపిస్తుంది. తమిళులు దీనిని 'ముడవాట్టుక్కాల్' అంటారు. కొల్లి కొండలలో కొనుగోలు చేసి, మోకాళ్ల నొప్పులకు చారు కాచుకొంటారు. భోగర్ సిద్ధునికి చైనాతో సంబంధం కల్పించే తమిళ ఐతిహ్యమూ ఉన్నది. అయితే ఐతిహ్యం మాత్రాన ఈ రెండు వాడుకలకు లంకె ఉన్నదని చెప్పరాదు.

చైనా దుంపలోని నారింజిన్ అనే పదార్థం ఎముకను నిర్మించే కణాలను ప్రేరేపిస్తుందని ప్రయోగశాలలలోను, జంతువులపైనను జరిగిన పరిశోధనలు సూచించాయి. మనుష్యుల విషయంలో నిదర్శనం ఇంకా చాలినంత లేదు. పైగా ఆ ఫలితాన్ని మన మొక్కకు ఆపాదించడం న్యాయం కాదు; రెండూ వేరు జాతులు. చైనా మార్కెట్టులోనే ఇతర ఫెర్న్ దుంపలు ఈ పేరుతో అమ్ముడుపోతున్నవి.

ఇక్కడనే ఎండుమొక్క విలువ తెలుస్తుంది. సేకరించిన స్థలమూ తేదీయూ వ్రాసి అట్టకు అంటించిన నమూనా, వైద్యుని గ్రంథానికి సాక్ష్యం. దుంపను పెరికితే మొక్కయే మిగలదు గనుక, ఏది ఎక్కడ పెరిగినదో చెప్పే చివరి ఆధారం కూడ ఒక్కొక్కప్పుడు అదే కావచ్చు. తుంటి విరిగిన వృద్ధురాలు తన చేతికి వచ్చిన దుంప ఏ మొక్కదని అడిగితే, సమాధానం చెప్పవలసిన బాధ్యత విజ్ఞాన సంస్థలపై ఉన్నది. ఆ సమాధానానికి తాళపత్రమూ కావాలి, ఎండుటాకూ కావాలి.