ఎన్ని చుట్లకొక దెబ్బ?

హైదరాబాదు బస్సుల చరిత్ర ఎవరు రాసినా 1932లో నిజాం రైల్వే రోడ్డు రవాణా విభాగం 27 బస్సులతో మొదలైందనే రాస్తారు. ఆ బస్సుల జబ్బులను చెవితో పట్టుకున్న మెకానిక్కుల ఊసు ఎక్కడా కనబడదు. వాళ్ల చేతికింద పెరిగిన ఉస్తాద్ దగ్గర, లేలాండ్ కామెట్ బస్సుల కాలంలో నేను పని నేర్చుకున్నాను. అందుకే రాస్తున్నాను.

పొడుగు స్క్రూడ్రైవర్ మొనను ఇంజిన్‌కు ఆనించి, పిడిని చెవి దగ్గర ఎముకకు నొక్కి వినడం ఏ గ్యారేజీలోనైనా ఉన్నదే. ఉస్తాద్ మాత్రం, "చప్పుడు ఎంత జోరుగుందని కాదు బిడ్డా, ఎన్ని చుట్లకొకసారి కొడుతున్నదో చూడు" అనేవాడు. నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌లో క్రాంక్ రెండు చుట్లు తిరిగితే ఒక్కో వాల్వు ఒక్కసారే తెరుచుకుంటుంది. కాబట్టి ఒక ట్యాపెట్ వదులైతే రెండు చుట్లకొక టిక్కు. బిగ్‌ఎండ్ బేరింగ్ అరిగితే లోపలి నుంచి మొద్దుగా, లోడు పడ్డప్పుడు మరీ గట్టిగా కొడుతుంది. అది ఏ సిలిండరుదో తేల్చడానికి, ఇంజిన్ నడుస్తుండగానే ఒక ఇంజెక్టర్ పైపు నట్టును స్పానర్‌తో కొంచెం వదులు చేసేవాళ్లం. డీజిల్ బయటికి కారి ఆ సిలిండర్‌లో మంట ఆగుతుంది, ఇంజిన్ కాస్త కుంగుతుంది. దెబ్బ మెత్తబడిందా, బేరింగ్ అక్కడిదే. లేకపోతే నట్టు బిగించి పక్కదానికి పోవాలి. "చెయ్యి అడ్డం పెట్టకు" అని ప్రతిసారీ హెచ్చరించేవాడు.

దీన్ని ఊహాగానమనడం అన్యాయం. 1939లో అమెరికాలో బీమా కంపెనీ ఇంజనీరు రాత్‌బోన్, యంత్రం ఎంత వణికితే ఎంత ముప్పో చూపే పటం అచ్చువేశాడు. అనుభవంతో కట్టిన ఆ అంచనాలే తర్వాతి ప్రమాణాలకు దారి వేశాయి.

ఎంత చిక్కుపడ్డ కంపనాన్నయినా సాదా కంపనాలుగా విడదీసే ఫూరియే గణితం 1822 నాటికే పుస్తకంగా వచ్చింది. చేత్తో చేయబోతే ఆ లెక్క తెమిలేది కాదు. 1965లో కూలీ, టుకీ ప్రచురించిన పద్ధతితో కంప్యూటర్లకు అది సులువైంది. ఆరు సిలిండర్ల ఇంజిన్ 600 ఆర్‌పీఎం మీద ఉంటే సెకనుకు క్రాంక్ 10 చుట్లు, మంటలు 30. కంపనాన్ని అలా విడదీసి చూపే కంప్యూటర్ తెర మీద 30 దగ్గర గీత లేవాలి. ఒక సిలిండర్ మందగిస్తే 5 దగ్గర గీత పెరుగుతుంది. రెండు చుట్లకొకసారి జరిగే తప్పు అది. ఉస్తాద్ లెక్కా ఇదే.

ఆ గీత ఎత్తును బట్టి ఏ సిలిండరో తెలియదు. ఇప్పటి ఇంజిన్లలో స్కానర్ ఇంజెక్టర్లను ఒక్కొక్కటిగా ఆపి, వేగం ఎంత పడిపోయిందో చూస్తుంది. ఆపి చూడడం మేం చేసిందే. స్పానర్ మాత్రం దూరం పెట్టాలి: కామన్‌రైల్ పైపుల్లో లోడు మీద ఒత్తిడి వెయ్యి బార్లు దాటుతుంది, నడుస్తున్న ఇంజిన్‌లో ఆ నట్టు వదిలిస్తే చిమ్మే డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది.