లంకాద్వీపం: యక్షులు, నాగులు, సింహళులు

తెలుగువారికి లంక అన్న మాట రెండు విధాలుగా పరిచితం. గోదావరి పాయల నడుమ మేట వేసి ఏర్పడిన భూములు లంకలు. సముద్రం నడుమ రావణుడు ఏలిన నగరం లంక. రామాయణం ఉత్తరకాండ ప్రకారం ఆ నగరం మొదట రాక్షసులది. వారు విడిచిపోయిన పిమ్మట యక్షాధిపతి కుబేరునిది. అతణ్ణి వెళ్ళగొట్టిన తరువాత రావణునిది. ఒక దీవి, దాని కోసం పోటీపడిన జాతులు, ఒకదాని వెంట ఒకటిగా సాగిన ఆక్రమణలు – ఈ కథాచట్రం రామాయణానికే పరిమితం కాలేదు. సింహళ ద్వీపంలో పాళీ భాషలో వెలసిన బౌద్ధ వంశకథలలో ఇది యక్షులు, నాగులు, సింహళులు పాత్రలుగా మరో రూపం ధరించింది. వీటిని కట్టుకథలని తోసిపుచ్చడం సులభం. అక్షర సత్యాలని నమ్మడమూ సులభమే. ఈ రెండింటి నడుమ నిలిచి చదివినప్పుడు మాత్రమే, ఒక సమాజం తనకు పూర్వం అక్కడ ఉన్నవారిని ఏ విధంగా గుర్తుంచుకున్నదో, ఏ విధంగా మరచిపోజూసిందో బోధపడుతుంది.

ఈ వంశకథలలో ముఖ్యమైనవి రెండు. దీపవంశం క్రీ.శ. 4వ శతాబ్ది ప్రాంతానిది. మహావంశం 5-6 శతాబ్దాల నాటిది. రెండవ గ్రంథాన్ని అనురాధపురంలోని మహావిహార సంప్రదాయానికి చెందిన మహానామ భిక్షువు రచించాడని ప్రతీతి. విశ్వాసుల మనస్సులలో ప్రసన్నతను, సంవేగాన్ని కలిగించడానికే ఈ రచన అని ప్రతి అధ్యాయాంతంలోనూ గ్రంథకర్త చెప్పుకున్నాడు. రాజుల పాలనాకాలాలను, చెరువుల, విహారాల నిర్మాణాలను శ్రద్ధగా నమోదు చేసిన ఈ గ్రంథం చరిత్రకారులకు అమూల్యమైనది. అయితే దాని తొలి అధ్యాయాలలోని దీవి మనుషుల దీవి కాదు.

మహావంశం ప్రకారం బుద్ధుడు ఆ ద్వీపాన్ని మూడుసార్లు దర్శించాడు. మొదటి రాకలో మహియంగణం వద్ద కూడిన యక్షులను భయపెట్టి, గిరిద్వీపమనే మరొక దీవిని దగ్గరకు రప్పించి, వారందరినీ అందులోకి చేర్చి, దానిని యథాస్థానానికి పంపాడు. రెండవ రాకలో నాగద్వీపంలో ఒక మణిపీఠం కోసం యుద్ధానికి సిద్ధపడిన మహోదర, చూళోదరులనే మేనమామ మేనల్లుళ్ళ కలహాన్ని మాన్పించాడు. మూడవసారి కల్యాణిలో నాగరాజు ఆతిథ్యం స్వీకరించాడు. ఇక్కడొక భేదం గమనార్హం. నాగులు ధర్మాన్ని అంగీకరించారు, అందుచేత వారు ఉండదగినవారు. యక్షులు తొలగించదగినవారు. ధర్మదీపం వెలగవలసిన భూమి ముందుగా ఖాళీ కావాలి.

ఆ పిమ్మట విజయుని కథ. లాళదేశంలోని సింహపురం నుంచి దుష్ప్రవర్తన కారణంగా బహిష్కృతుడైన ఈ రాజకుమారుడు, 700 మంది అనుచరులతో, బుద్ధుడు పరినిర్వాణం చెందిన రోజునే ద్వీపంలో దిగాడట. సంప్రదాయ గణనలో అది క్రీ.పూ. 543. దీపవంశంలో లేని కువేణి వృత్తాంతం మహావంశంలో ఇక్కడ ప్రవేశిస్తుంది. నూలు వడుకుతూ కనిపించిన ఈ యక్షిణి విజయునికి వశమై, అతని పరివారానికి బియ్యం సమకూర్చి, తన వారిని హతమార్చే ఉపాయం కూడా చెప్పింది. సిరీసవత్థు నగరంలో పెళ్ళి సంబరాలలో ఉన్న యక్షులను విజయుడు సంహరించాడు. రాజ్యం కుదురుకున్నాక అతడు మధుర నుంచి పాండ్య రాజపుత్రిని వివాహమాడి, ఇద్దరు బిడ్డల తల్లి అయిన కువేణిని పొమ్మన్నాడు. ఆమె తన వారి వద్దకే తిరిగి వెళ్ళగా, వేగు చూడవచ్చిందన్న అనుమానంతో ఒక యక్షుడు ఆమెను చంపాడు. బిడ్డలు మలయ పర్వత ప్రాంతానికి పారిపోయి, రాజానుమతితో అక్కడ నివసించారు. వారి సంతతే పుళిందులని గ్రంథం చెబుతుంది.

ఈ కథనంలోని వైరుధ్యం స్పష్టం. బుద్ధుడు గిరిద్వీపానికి పంపివేసిన యక్షులు విజయుని కాలానికి మళ్ళీ నగరాలలో ఉన్నారు. విజయుడు సంహరించిన యక్షులు కొన్ని తరాల తరువాత పండుకాభయుని కథలో మళ్ళీ ప్రత్యక్షమయ్యారు. అనురాధపురాన్ని రాజధానిగా తీర్చిన ఆ రాజు, తనకు సాయపడిన చిత్తరాజు, కాళవేళుడు అనే యక్షులకు నగరంలో స్థానాలు కల్పించాడు. ఉత్సవ దినాలలో చిత్తరాజును తనతో సమానమైన ఆసనంపై కూర్చుండబెట్టుకున్నాడు. రెండుసార్లు నిర్మూలితులైనవారు మూడవసారి రాజు ప్రక్కన కూర్చున్నారంటే, వారు ఎన్నడూ వెళ్ళిపోలేదనే అర్థం. గ్రంథకర్త దాచదలచుకున్నది గ్రంథమే బయటపెట్టింది.

ఈ కల్పన రూపుదిద్దుకోవడంలో సముద్ర వర్తకుల పాలు తక్కువది కాదు. వలాహస్స జాతకంలో తామ్రపర్ణి ద్వీపాన సిరీసవత్థు నగరపు యక్షిణులు, ఓడ మునిగి ఒడ్డుకు చేరిన 500 మంది వర్తకులను ఆకర్షించి బంధిస్తారు. ఆకాశంలో ఎగిరే అశ్వరూపుడైన బోధిసత్త్వుడు వారిలో 250 మందిని రక్షిస్తాడు. విజయుని కథలోని నగరానికీ అదే పేరు కావడం యాదృచ్ఛికం కాదు. ఈ కథకు జ్ఞాతి అయిన సింహళావదానం అజంతా 17వ గుహ కుడ్యంపై చిత్రితమైంది. 5వ శతాబ్ది ఆరంభంలో ద్వీపంలో రెండేళ్ళు గడిపిన చైనా యాత్రికుడు ఫాహియాన్ విన్నది మరొక కథ: పూర్వం అక్కడ భూతాలు, నాగులు మాత్రమే ఉండేవారని, భూతాలు కంటబడకుండా సరకులు పెట్టి ధర సూచిస్తే వర్తకులు ఆ వెల ఉంచి సరకు తీసుకుపోయేవారని. భాష తెలియని ప్రజలతో జరిగే మూగ బేరం ఈ విధంగా భూతాలతో బేరమైంది. దీనికి భిన్నమైన దృష్టి తమిళ బౌద్ధ కావ్యం మణిమేఖలైలో ఉంది. ఓడ పగిలి నరభక్షకులైన నాగుల చేతికి చిక్కిన సాదువన్‌కు వారి భాష తెలుసు. అందుచేత అతణ్ణి వారు చంపలేదు. అతని ధర్మోపదేశం కూడా విన్నారు. భాష తెలిసిన క్షణాన భూతం మనిషి అయింది.

పురావస్తు పరిశోధన ఆ దీవి ఎన్నడూ నిర్జనం కాదని నిరూపించింది. ఫాహియాన్ పేరుతోనే పిలిచే గుహలో 45,000 సంవత్సరాలకు పైబడిన మానవ నివాసపు ఆనవాళ్ళు లభించాయి. అనురాధపురంలో క్రీ.పూ. 9వ శతాబ్ది నాటికే ఇనుము వాడిన ప్రజలున్నారు. జాఫ్నా ద్వీపకల్పంలోని వల్లిపురంలో దొరికిన క్రీ.శ. 2వ శతాబ్దపు బంగారు రేకు శాసనం నాగద్వీపాన్ని ఒక అమాత్యుని పాలనలోని ప్రాంతంగా పేర్కొన్నది. అంటే అది భౌగోళిక సత్యమే. అడవులలో వేట ప్రధానంగా జీవించిన వెద్దాలు గతించిన తమ బంధువుల ఆత్మలను 'నే యకు' అని కొలిచారు. సింహళంలో భూతానికి వాడే మాటా అదే. ఒకరికి పూర్వీకుడు, మరొకరికి పిశాచం.

ఆంధ్రదేశానికి ఈ ద్వీపంతో గల సంబంధం మాత్రం పురాణం కాదు. నాగార్జునకొండలో 3వ శతాబ్దిలో, ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 14వ పాలనా సంవత్సరంలో, బోధిసిరి అనే ఉపాసిక తామ్రపర్ణి ఆచార్యుల కోసం చైత్యగృహం కట్టించింది. ఆ శాసనం సింహళ విహారాన్ని కూడా ప్రస్తావించింది. ఆ ఆచార్యులు ధర్మం పట్ల ప్రసన్నులను చేసిన దేశాల పట్టికలో కాశ్మీర, గాంధార, చీనా, వంగ దేశాల వెంట తామ్రపర్ణి ద్వీపమూ ఒకటి. అందులో భూతాలు లేవు, ప్రజలున్నారు.

యక్షుల కథతో ఆగిపోతే ఇది సాహిత్య విషయం మాత్రమే. కానీ మనిషిని మనిషి కానివానిగా చూడడం అలవాటైతే అది ఒక్క జాతితో ఆగదు. చోళదేశం నుంచి వచ్చి 44 ఏళ్ళు పాలించిన ఏళారుని న్యాయబుద్ధిని మహావంశం నిండు మనసుతో కీర్తించింది. అతణ్ణి వధించిన దుట్ఠగామణి (క్రీ.పూ. 161-137) అతనికి సమాధి కట్టించి గౌరవించాడు. అదే రాజు యుద్ధంలో మరణించిన అసంఖ్యాకులను తలచి దుఃఖిస్తే, చనిపోయినది ఒకటిన్నర మనిషి మాత్రమేనని, తక్కినవారు పశుసమానులని అర్హతులు ఓదార్చినట్లు కూడా అదే గ్రంథం చెప్పింది. శత్రువును గౌరవించిన చేయి, శత్రువును లెక్కనుంచి కొట్టివేసిన చేయి ఒకటే.

1837లో జార్జ్ టర్నర్ మహావంశాన్ని ఆంగ్ల ప్రపంచానికి పరిచయం చేశాడు. 1912లో విల్హెల్మ్ గైగర్ అనువాదం వెలువడింది. వలస పాలనాకాలపు జాతి సిద్ధాంతాలతో కలిసినప్పుడు ఈ పురాతన కథ రెండు జాతుల అనాది వైరంగా పఠితమైంది. సింహళుడు అనే గుర్తింపు కాలానుగుణంగా మారుతూ వచ్చిందని చరిత్రకారుడు ఆర్.ఎ.ఎల్.హెచ్. గుణవర్ధన 1979లోనే వాదించాడు. 1983లో మొదలై 2009లో ముగిసిన అంతర్యుద్ధానికి కారణాలు భాష, భూమి, ఉద్యోగం, అధికారం వంటి ఆధునిక విషయాలే. అయినా ఇరుపక్షాల వాదనలలోనూ ప్రాచీన కాలం సాక్షిగా నిలబెట్టబడింది.

సాక్షిని పూర్తిగా విచారించి ఉంటే అది మరొక మాట కూడా చెప్పేది. విజయుని పట్టమహిషి పాండ్య కన్య. అతని తొలి సంతానం యక్షిణి బిడ్డలు. రాజధానిలో రాజుతో సమానంగా కూర్చున్నవాడు యక్షుడు. ఆ ద్వీపపు చరిత్ర గ్రంథం లెక్కించిన మనుషులలో ఏ ఒక్క జాతీ ఒంటరిగా లేదు.