గాంధారం వదిలేసిన గిటార్

విదర్భలోని సాస్తిలో మీరు దిగేసరికి రాత్రి ఎనిమిది దాటింది. మే నెల. పగలు 45 డిగ్రీలు దాటిన ఎండను గోడలు ఇంకా కక్కుతూనే ఉన్నాయి. రాజురా రోడ్డు మీద బొగ్గు టిప్పర్లు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. టార్పాలిన్ అంచుల్లోంచి రాలిన నల్లపొడి వేపచెట్ల ఆకులకు పట్టి, ముట్టుకుంటే వేలికి అంటుతోంది. వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ ఓపెన్‌కాస్ట్ గని లైట్లు ఒకవైపు, వర్ధా నది అవతల బల్లార్‌పూర్ మరోవైపు. గాలి అటు నుంచి తిరిగితే కాగితం మిల్లు వాసన ముక్కుకు తగులుతుంది.

కిళ్ళీ కొట్టు దగ్గర ఇద్దరు మరాఠీలో బేరమాడుతున్నారు. పక్కన నిలబడ్డ ముసలమ్మ మాత్రం మనవణ్ణి తెలుగులో తిడుతోంది. ఇందులో ఆశ్చర్యపడేదేమీ లేదు. 1956దాకా ఈ రాజురా తాలూకా ఆదిలాబాద్ జిల్లాలోనిదే. రాష్ట్రాలను తిరిగి విభజించినప్పుడు ఊరు బొంబాయి రాష్ట్రంలోకి పోయింది గానీ, ఇళ్ళలో మాట పోలేదు. పైగా బొగ్గుబావుల పని కోసం ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలూ ఉన్నాయి.

శనివారం కాబట్టి మారుతి గుడి ముందు భజన. చాప అంచున మీకూ చోటిచ్చారు. నడుమ హార్మోనియం, దాని వెనక అరవై దాటిన పెద్దమనిషి. గనిలో పనిచేసి రిటైరయ్యాడు. అందరూ ఆయన్ని కాకా అంటారు. ఆయన కుడిపక్కన తాళాలు, ఎడమపక్కన మరాఠీ పొరుగాయన చేతిలో ఖంజిరి. విదర్భలో ఖంజిరి అంటే తుకడోజీ మహారాజ్ గుర్తుకొస్తారు. 1909లో పుట్టి 1968లో పోయిన ఆ సాధువు ఖంజిరి వాయిస్తూనే ఊరూరా భజనలు చేశాడు. ఈ రాత్రి అదే వాద్యం రామదాసు కీర్తనకు దరువేస్తోంది.

ఆ వరసకు కొంచెం ఎడంగా, గోడకు ఆనుకొని, ఒక పిలగాడు గిటార్ పట్టుకొని కూర్చున్నాడు. బల్లార్‌పూర్‌లో చదువుతున్నాడట. కాకాకు తమ్ముడి కొడుకు.

కాకా బెల్లోస్ తోసి, రెండో తెల్లమెట్టు మీద వేలు పెట్టాడు. రెండు శ్రుతి. గొంతు సర్దుకొని పల్లవి ఎత్తుకున్నాడు. మీరు చెవి పెట్టి వింటే తెలుస్తుంది, హార్మోనియం పాటకు ముందు నడవడం లేదు. గొంతు జారిన చోటికి అర క్షణం ఆలస్యంగా వచ్చి చేరుతోంది. గొంతు ఊపిరి తీసుకున్నప్పుడు మాత్రం ఆ ఖాళీలో నాలుగు స్వరాలు వేసి తప్పుకుంటోంది.

రెండో ఆవృత్తంలో గిటార్ అందుకుంది. పిలగాడు తాళం తప్పలేదు, చేయి కూడా గట్టిదే. ఆరు తీగలూ ఒక్కసారి మోగేలా కార్డ్ కొడుతున్నాడు. చరణంలో కాకా గొంతు కిందికి దిగి సాధారణ గాంధారం మీద ఆగింది. సరిగ్గా అక్కడే పిలగాడి వేళ్ళ కింద నుంచి అంతర గాంధారం గట్టిగా మోగింది. పక్కపక్క మెట్ల మీద ఉండే రెండు స్వరాలు ఒకేసారి వినిపించేసరికి మీ పళ్ళు జివ్వుమన్నాయి. ఖంజిరి ఆయన కనుబొమ్మలెత్తాడు. కాకా పాట ఆపలేదు, కళ్ళు కూడా తెరవలేదు. ఎడమచేయి బెల్లోస్ మీద నుంచి తీసి, అరచేయి కిందికి తిప్పి, మెల్లగా రెండుసార్లు ఊపాడు. గిటార్ ఆగిపోయింది.

కీర్తన అయ్యాక చాయ్ వచ్చింది. గ్లాసు ఊదుకుంటూ కాకా అన్నాడు: “మీద మీద కొట్టకు బిడ్డా. గాంధారం నాది. నేను పాడకముందే నువ్వు చెప్పేస్తే నేనేం పాడాలె?”

పిలగాడు తల గోక్కున్నాడు. తర్వాత ఫోన్ తీసి, “కాకా, జరంత ఇది ఇను” అని ఆయన చెవి దగ్గర పెట్టాడు. మీరూ ముందుకు వంగారు.

ఫిడేలు. చాలా నింపాదిగా నడుస్తోంది. తకిట తకిట అని మూడేసిగా సాగే ఐరిష్ జిగ్. దాని కింద ఎక్కడో ఒక గిటార్. ఒక్కో తీగ మీటి ఊరుకుంటుంది, కాసేపు ఏమీ ఉండదు, మళ్ళీ రెండు స్వరాలు. ఫిడేలు వాయించేది మార్టిన్ హేస్, ఐర్లండ్‌లో క్లేర్ కౌంటీ మనిషి. గిటార్ డెనిస్ కాహిల్‌ది. షికాగోలో ఐరిష్ తల్లిదండ్రులకు పుట్టి, 2022లో పోయాడు. 1997లో వీళ్ళిద్దరూ ఇచ్చిన రికార్డు విన్నవాళ్ళు, గిటార్ ఇంత తక్కువ వాయించి ఇంత చెప్పగలదా అని నోరెళ్ళబెట్టారు.

గిటార్ ఐరిష్ సంగీతానికి సొంతబిడ్డ కాదు. అక్కడి నాట్యపు వరసలు, ఫిడేలు మీదైనా పిల్లనగ్రోవి మీదైనా తిత్తి కట్టిన పైపుల మీదైనా, ప్రధానంగా ఒంటి వరసే. కింద కార్డులు పేర్చే అలవాటు తక్కువ. వాళ్ళ పాత పాటకైతే పక్కవాద్యమే ఉండదు, ఒంటి గొంతే. 1920లలో న్యూయార్క్ కంపెనీలు స్లైగో నుంచి వలస వచ్చిన మైకెల్ కోల్‌మన్ ఫిడేలును 78 రికార్డులకెక్కించినప్పుడు పక్కన పియానో పెట్టాయి. ఆ పియానోల్లో కొన్ని వరస ఎటు పోతోందో తెలియకుండానే దంచుకుంటూ పోయాయి. ఇప్పటికీ ఆ రికార్డులు వినేవాళ్ళు కోల్‌మన్‌కు చేతులెత్తి మొక్కుతారు, పియానోను తిట్టుకుంటారు. గిటార్ కుదురుకున్నది 1970లలో. 1975లో మొదలైన బోతీ బ్యాండ్‌లో మీహాల్ ఓ డోనిల్ దాన్ని ఫిడేలుకూ పైపులకూ సరిజోడుగా నిలబెట్టాడు. ఆయన చేసిన కిటుకు ఏమిటో పిలగాడు ఇప్పుడు మీ కళ్ళముందే చేసి చూపించబోతున్నాడు.

గిటార్ ఒళ్ళో అడ్డంగా పెట్టుకున్నాడు. మామూలుగా దాని తీగలు ఇ, ఏ, డి, జి, బి, ఇ అని కలిపి ఉంటాయి. లావు తీగ బిరడా పట్టుకొని మీటుతూ వదులు చేశాడు. స్వరం మూలుగుతూ దిగి, హార్మోనియం రెండో మెట్టు కింది స్థాయిలో కలిసింది. ఒక పూర్తి స్వరం తగ్గింది. తర్వాత అటు చివరి సన్న తీగ, దాని పక్క తీగ, అవీ ఒక్కో స్వరం కిందికి. మూడు బిరడాలు, అంతే. వేడికి తీగలు సాగి ఒకచోట నిలవడం లేదు. రెండుసార్లు మళ్ళీ బిగించాడు. కాకా తనంతట తానే రెండో మెట్టు నొక్కి పట్టుకొని సాయం చేశాడు.

ఇప్పుడు తీగలు వరసగా డి, ఏ, డి, జి, ఏ, డి. వాయించేవాళ్ళు కలిపి డాడ్‌గాడ్ అంటారు. 1960ల మొదట్లో ఇంగ్లండ్ గిటారిస్టు డేవీ గ్రాహమ్, మొరాకోలో ఊద్ వాద్యంతో కలిసి వాయించే దారి వెతుకుతూ పట్టుకున్న శ్రుతి ఇది. అక్కడి నుంచి ఐర్లండ్ చేరింది. ఐరిష్ వేణువుకూ విజిల్‌కూ ఆధార స్వరం కూడా డి కావడంతో చక్కగా అతికింది.

కాకా ఇంగ్లిష్ అక్షరాలు పట్టించుకోలేదు. ఒక్కో తీగే మీటమని చెప్పి, కళ్ళు మూసుకొని పేర్లు చెబుతూ పోయాడు: “స… ప… స… మ… ప… స.” ఆగాడు. “మళ్ళ కొట్టు.” పిలగాడు మళ్ళీ మీటాడు. కాకా ముఖంలో నవ్వు. “గాంధారమే లేదు గదరా!”

లేదు. ఆ పద్ధతి పనిచేసేదే అందుకు. మేజరా మైనరా అని తేల్చేది గాంధారమే. మామూలు కార్డ్ ఆ తీర్పును ముందే చెప్పేస్తుంది. ఐరిష్ వరసల్లో కొన్ని మన ఖరహరప్రియ స్వరాల్లో, కొన్ని హరికాంభోజి స్వరాల్లో నడుస్తాయి. కొన్నిటిలో ఒకే వరసలో నిషాదం రెండు రకాలుగా పలుకుతుంది. కింద స ప మాత్రమే మోగుతుంటే, పై వరస ఎటు మొగ్గినా పేచీ రాదు. తంబురా మనకు తరతరాలుగా చేస్తున్న పనే ఇది.

గిటార్‌లాగే హార్మోనియం కూడా నింద మోసే ఇక్కడిదాకా వచ్చింది. ఫ్రాన్స్‌లో పుట్టి, కలకత్తాలో చేతిపెట్టెగా మారి, మన నాటకాల్లో పద్యానికీ గుళ్ళలో భజనకూ తోడైంది. అయినా గమకం పలకదనీ, దాని మెట్ల శ్రుతి మన స్వరస్థానాలకు కుదరదనీ 1940లో ఆకాశవాణి దాన్ని వెలివేసింది. 1971దాకా తిరిగి గడప తొక్కనివ్వలేదు. ఆ ముప్పై ఏళ్ళూ ఊళ్ళలో కాకాలాంటివాళ్ళు వాయిస్తూనే ఉన్నారు. గొంతుకు ఎక్కడ తోడుండాలో, ఎక్కడ తప్పుకోవాలో వాళ్ళ వేళ్ళు నేర్చుకున్నాయి కాబట్టే అది నిలిచింది.

చాయ్ గ్లాసులు పక్కకు జరిగాయి. అదే కీర్తన మళ్ళీ ఎత్తుకున్నారు. ఈసారి పిలగాడు పల్లవి మొత్తం ఊరుకున్నాడు. అనుపల్లవిలో లావు తీగ ఒక్కటే, సమం మీద. చరణంలో కాకా అదే సాధారణ గాంధారం మీద, కావాలనే కాబోలు, ఇందాకటి కన్నా ఎక్కువసేపు నిలబడి ఊపాడు. కింద షడ్జ పంచమాలు మోగుతున్నాయి. గొంతు ఒరిపిడి లేకుండా సాగింది. ఖంజిరి ఆయన “వా, భావూ!” అన్నాడు. ఆ మాట కాకాకో పిలగాడికో మీకు తెలియలేదు.

మంగళహారతి అయ్యాక చాపలు చుడుతుంటే పిలగాడు అన్నాడు: “వచ్చే శనివారం మా దోస్తు కూడ గిటార్ తెస్తనంటుండు కాకా.”

“ఇద్దరొద్దు. ఒక్కడివే రా.”

పిలగాడు నవ్వాడు. ఐర్లండ్ పబ్బుల్లో పదిమంది బల్ల చుట్టూ చేరి వాయించే చోట కూడా ఇదే కట్టుబాటని చెప్పాడు. ఫిడేళ్ళు ఎన్నున్నా ఇబ్బంది లేదు, అందరిదీ ఒకే వరస. గిటార్లు రెండైతే ఒకడు ఒక కార్డ్, ఇంకొకడు ఇంకో కార్డ్ పట్టి వరస కింద తగువు పడతారు. అందుకే రెండోవాడు వాద్యం కింద పెట్టి తన వంతుదాకా ఆగుతాడట.

కాకా హార్మోనియం పెట్టెకు గొళ్ళెం వేసి లేచాడు. “అయితే ఆళ్ళకూ ఎవడో పెద్దమనిషి చెప్పే ఉంటడు” అన్నాడు.