పో గారి మేనత్త

నేను బి.ఏ. చదివే రోజుల్లో ఓసారి "ఎవరి పుస్తకమే అది?" అని అమ్మ అడిగితే, తలెత్తకుండా "పో" అన్నాను. ఆ తర్వాత నాకు పడిన అక్షింతలు చెప్పక్కర్లేదు! రచయిత పేరే అదని నమ్మించేసరికి తాతలు దిగొచ్చారు.

ఎడ్గార్ ఎలన్ పో. గోడలో దాచిన శవాలు, నేల కింద కొట్టుకునే గుండె చప్పుడు... ఆ కథలు చదివిన రాత్రి దీపం ఆర్పాలంటే భయం. ఇవన్నీ రాసినాయన ఇంట్లో పొయ్యి ఎలా వెలిగేదో అన్న ఆలోచన మాత్రం, నేనూ ఓ పక్క వంట చేస్తూ మరో పక్క నవలలు రాస్తున్న ఈ వయసులోనే వచ్చింది.

ఆ పొయ్యి వెలిగించింది మరియా క్లెమ్. పో తండ్రికి చెల్లెలు, అంటే మేనత్త. 1809లో బోస్టన్‌లో పుట్టిన పోకి మూడేళ్ళు నిండకుండానే తల్లి పోయింది. పెంచినాయనతో పొసగలేదు. చివరికి బాల్టిమోర్‌లో ఈ విధవరాలి పంచన చేరాడు. 1836లో ఆమె కూతురు వర్జీనియాని చేసుకున్నాడు. మేనరికం మనకేం కొత్త కాదుగా అంటారా? అతనికి 27, పిల్లకి 13! ఆ తల్లికి మనసెలా ఒప్పిందో నాకైతే ఇప్పటికీ అర్థం కాదు.

1844 ఏప్రిల్లో భార్యాభర్తలు న్యూయార్క్ వెళ్ళారు. ఫిలడెల్ఫియాలో ఉండిపోయిన అత్తకి పో ఉత్తరం రాశాడు. బస చేసిన ఇంట్లో టీ, రొట్టెలు, మాంసం ఎంత బాగున్నాయో వర్ణించాడు. మేకు తగిలి ప్యాంటు చిరిగిందనీ, దారం, రెండు బొత్తాములు కొన్నాననీ, చేతిలో ఇక నాలుగున్నర డాలర్లే ఉన్నాయనీ రాశాడు. నువ్వూ, పిల్లీ దగ్గర లేరని వర్జీనియా రాత్రి ఏడ్చిందట. అంతకు ముందు ఏడాదే పిల్లి కన్ను పీకే తాగుబోతు కథ రాసిన మనిషేనా ఈయన!

తర్వాత మరియా కూడా వచ్చేసింది. అల్లుడి రాతప్రతులు పట్టుకుని పత్రికాఫీసుల మెట్లెక్కేది ఆమే. అల్లుడికి పని ఇప్పించమని తన దగ్గరికి వచ్చిన సంగతి సంపాదకుడు విల్లిస్ స్వయంగా రాశాడు. ఆయన పత్రికలోనే 1845 జనవరిలో 'ద రేవెన్' పద్యం వచ్చి పో పేరు మోగిపోయింది. పేరొచ్చింది గానీ డబ్బేదీ? వర్జీనియా క్షయతో మంచం పట్టింది. కప్పుకోవడానికి భర్త కోటు, వెచ్చదనానికి గుండెల మీద ఆ పిల్లి. 1847 జనవరిలో పోయింది.

1849లో పో కూడా పోయాక, పుస్తకాలు వేసే హక్కుని మరియా గ్రిస్‌వోల్డ్ అనే ఆయనకి రాసిచ్చింది. పో అంటే ఆయనకి గిట్టదు. పోని దుర్మార్గుడిగా చూపే జీవితకథ కూడా రాసి ఆ సంపుటాల్లోనే కలిపాడు. మరియాకి ముట్టింది డబ్బు కాదు, అమ్ముకోమని ఆ పుస్తకాల ప్రతులు! అల్లుణ్ణి తిట్టిన పుస్తకాన్ని చంకన పెట్టుకుని ఏ గడప ఎక్కిందో ఆవిడ.

1871లో బాల్టిమోర్‌లో చర్చి వాళ్ళు నడిపే ఆశ్రమంలో కన్నుమూసింది. ఆ భవనం అంతకు ముందు ఆసుపత్రి. 1849 అక్టోబరు 7న పో పోయింది అందులోనే.