సముద్రోష్ణం

సముద్రోష్ణం అనగా సముద్ర జలాలలో నిలువ ఉన్న ఉష్ణశక్తి. దీనిపై వాతావరణంలోని హరితగృహ వాయువుల, నీటి ఆవిరి ప్రభావం ఎక్కువ. 1970ల నుండి భూమిపై అదనంగా పోగైన వేడిలో సుమారు 90 శాతం సముద్రాలలోకే చేరింది. సముద్రపు పైపొరలో సుమారు 3 మీటర్ల నీరు మొత్తం వాతావరణమంత వేడిని పట్టి ఉంచగలదు.

వేడెక్కే విధానం

సముద్రాన్ని వేడి చేసేది సూర్యకాంతి. ఇది నీటిలో పదుల మీటర్ల లోతు వరకు చొచ్చుకుపోతుంది. బొగ్గుపులుసు వాయువు వంటివి క్రిందికి పంపే పరారుణ కిరణాలు మాత్రం మిల్లీమీటరులో కొద్ది భాగం లోతులోనే ఇంకిపోతాయి. అందువలన ఈ వాయువులు సముద్రాన్ని వేడి చేయలేవని కొందరు వాదిస్తారు. ఈ వాదన సరికాదు. పైన ఉన్న పలుచని పొర వెచ్చబడితే లోపలి వేడి బయటకు పోవడం మందగిస్తుంది. కప్పుకున్న గొంగడి వేడిని పుట్టించదు, ఒంటి వేడిని పోనివ్వదు, ఇదీ అటువంటిదే.

నీటి ఆవిరి పాత్ర

హరితగృహ ప్రభావంలో అత్యధిక భాగం నీటి ఆవిరిదే. అయితే ఆవిరి సుమారు పది రోజులలో వర్షమై దిగిపోతుంది కనుక తనంతట తాను పెరిగి నిలువలేదు. బొగ్గుపులుసు వాయువు వలన గాలి 1 డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే, అది పట్టి ఉంచగల ఆవిరి సుమారు 7 శాతం పెరుగుతుంది. ఆ ఆవిరి మరికొంత వేడిని ఆపుతుంది. స్వీడన్ శాస్త్రవేత్త స్వాంటె అరీనియస్ 1896లోనే ఈ ప్రభావాన్ని తన లెక్కలలో చేర్చాడు.

బంగాళాఖాతం, తెలంగాణ

గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి, కృష్ణ మొదలగు నదుల మంచినీరు బంగాళాఖాతంపై తేలికైన పొరగా పరచుకొంటుంది. క్రింది చల్లని నీరు పైకి కలవకుండా ఇది అడ్డుపడుతుంది కనుక ఉపరితలం ఏడాదిలో అధిక కాలం 28 డిగ్రీల సెల్సియస్‌కు పైగా ఉంటుంది. వాయుగుండాలకు బలమిచ్చేది ఈ వేడి నీటి నుండి లేచే ఆవిరే.

నల్లగొండ జిల్లా చిట్యాల తీరానికి 200 కిలోమీటర్లకు పైగా దూరాన మెట్ట ప్రాంతంలో ఉన్నది. అయినను ఇక్కడి వానకు కావలసిన తేమలో అధిక భాగం సముద్రాల నుండే వస్తుంది. 2020 అక్టోబరు 13న కాకినాడ సమీపంలో తీరం దాటిన తీవ్ర వాయుగుండం తెలంగాణ మీదుగా పడమరకు సాగి, హైదరాబాదులోను పరిసర జిల్లాలలోను అతి భారీ వర్షాలు కురిపించింది. ఇటువంటి ఏ ఒక్క వానకూ సముద్రోష్ణమే పూర్తి కారణమని చెప్పలేము. వెచ్చని సముద్రంపై గాలి ఎక్కువ తేమను మోసుకొస్తుందన్నది మాత్రం నిశ్చయం.

కొలతలు

1999లో ఏర్పడిన భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం (ఇన్‌కాయిస్) హైదరాబాదులో ఉన్నది. సముద్రం లేని నగరంలో ఉన్న ఈ కేంద్రం, హిందూ మహాసముద్రంలో తేలే ఆర్గో పరికరాల సమాచారాన్ని సేకరిస్తుంది. ఈ పరికరాలు సాధారణంగా పది రోజులకొకసారి సుమారు 2000 మీటర్ల లోతు నుండి పైకి వస్తూ ఉష్ణోగ్రతను, లవణీయతను కొలిచి ఉపగ్రహాల ద్వారా పంపుతాయి.